పన్ను పోయిందా? ఆ సందు అలాగే వదిలేయొద్దు

మా అనంతపురంలో వేయించిన శెనక్కాయలు నమలలేకపోతే మనిషికి సగం ప్రాణం పోయినట్టే. మా నాన్న కింది దవడ పన్ను పీకించుకుని, ‘వెనకదే కదా, ఎవరు చూస్తార్లే’ అని రెండేళ్లు వదిలేశాడు, ఈలోపు పక్క పన్ను ఆ సందులోకి ఒరిగింది, పైపన్ను కిందికి దిగింది, జొన్నరొట్టె ముక్క రోజూ అక్కడే ఇరుక్కునేది. పన్ను లేనిచోట దవడ ఎముక కూడా మెల్లగా తరిగిపోతుంది.

ముందు పన్ను ఎందుకు పోయిందో తేల్చుకోండి. పుచ్చా, చిగుళ్ల జబ్బా? చిగుళ్లు బాగుచేయించకుండా, షుగర్ అదుపులోకి రాకుండా ఏది పెట్టించినా డబ్బులు దండగే.

తీసి పెట్టుకునే పళ్లసెట్టు చవక. రాత్రి తీసి చల్లటి నీళ్లలో వేయాలి, వేడినీళ్లు వద్దు, వంకరపోతుంది. బ్రిడ్జి అంటే సందుకు అటూ ఇటూ ఉన్న పళ్లకు ఆనించి బిగించే కట్టుడు పన్ను, అది కదలదు గానీ దానికోసం పక్కనున్న మంచి పళ్లను అరగదీస్తారు, నాకు అదే నచ్చదు. ఇంప్లాంట్ అంటే ఎముకలో టైటానియం స్క్రూ బిగించి, అది ఎముకకు అతుక్కునేదాకా మామూలుగా 3 నుంచి 6 నెలలు ఆగి, పైన క్యాప్ పెట్టడం. ఖర్చెక్కువ, బీడీలు తాగేవాళ్లకు ఫెయిలయ్యే అవకాశమూ ఎక్కువే.

ఖర్చు గురించి టెన్షన్ ఉంటే కడప ప్రభుత్వ డెంటల్ కాలేజీలో ఒకసారి చూపించుకోండి. బస్సెక్కే ముందు పాత ఎక్స్‌రే, వాడుతున్న మందుల చీటీ సంచిలో వేసుకోండి.