వజ్రంలోని నలుసును చదవడం: మూడవ పాఠం – గార్నెట్

వజ్రం పెరుగుతున్నప్పుడు దాని లోపల చిక్కుకుపోయిన వేరే ఖనిజపు రేణువే నలుసు. నలుసు నుంచి వజ్రం ఉపరితలం దాకా పగులు ఉందో లేదో చూడడం గత పాఠంలో నేర్చుకున్నాం. పగులు ఉంటే, బయటి ద్రవాలు లోపలికి చేరి ఖనిజాన్ని మార్చి ఉండవచ్చు కనుక ఆ నలుసు సాక్ష్యాన్ని నమ్మలేము. పగులు లేని వజ్రంలో నలుసుగా ఉన్న గార్నెట్ అనే ఖనిజాన్ని ఇప్పుడు పరిశీలిద్దాం.

విశాఖ పాఠకులకు గార్నెట్ కొత్త కాదు. కైలాసగిరి ఖోండలైట్ శిలలో అది ఉంది. భీమిలి తీరపు ఇసుకలోనూ ఎర్రటి రేణువులుగా దొరుకుతుంది. పది రెట్ల భూతద్దంతో వాటిని చూసి, రంగును గుర్తుపెట్టుకోండి. అవి భూపటలంలోనే పుట్టినవి, ఇనుము ఎక్కువగా ఉన్నవి. వాటిని చూసి ఆ తీరంలో వజ్రాలు వెదకబోవడం వృథా శ్రమ.

వజ్రంలోని గార్నెట్‌ను పగటి వెలుగులో, తెల్లని కాగితంపై పెట్టి చూడాలి. ఊదా రంగు క్రోమియంను సూచిస్తుంది. అంటే ఆ వజ్రం ప్రావారంలోని (భూపటలం కింది పొరలోని) పెరిడోటైట్ శిలలో పెరిగింది. నారింజ రంగైతే అది ఎక్లోజైట్ అనే శిలకు చెందినది. ఆ శిలలో చాలా భాగం, భూఫలకాల కదలికతో లోపలికి దిగిపోయిన సముద్రగర్భపు బసాల్టే. ఈ తేడాకు ఎంత విలువ ఉందో 2011లో భూశాస్త్రవేత్తలు షైరీ, రిచర్డ్‌సన్ చూపించారు: సుమారు 300 కోట్ల ఏళ్ల కిందటి నుంచే ఎక్లోజైట్ నలుసులు విరివిగా కనిపిస్తున్నాయి గనుక, ఫలకాలు దిగిపోయి ఖండాలు ఢీకొనే చక్రం అప్పుడే మొదలైందని వారి వాదన. ఇంత చిన్న నలుసు నుంచి ఇంత పెద్ద నిర్ణయమా అన్న సందేహం సహజమే. అయితే నలుసుల వయసును రేడియోధార్మిక మూలకాలతో లెక్కగట్టిన తరువాతే వారు ఆ మాట అన్నారు.

వజ్రం ఏ శిలలో పుట్టిందో రంగు చెబుతుంది గాని లోతును చెప్పదు. లోతుకు ఎలక్ట్రాన్ మైక్రోప్రోబ్ (ఎలక్ట్రాన్ పుంజంతో రేణువులోని మూలకాలను కొలిచే పరికరం) ఇచ్చే రసాయన విశ్లేషణ కావాలి. గార్నెట్ సూత్రంలో 12 ఆక్సిజన్లకు 3 సిలికాన్లు ఉంటాయి. పీడనం బాగా పెరిగినప్పుడు పైరాక్సిన్ అనే మరో ఖనిజం గార్నెట్‌లో కరుగుతుంది. అల్యూమినియం ఉండవలసిన చోట్లలో కొన్నింటిని సిలికాన్ ఆక్రమించడంతో, దాని లెక్క 3ను దాటుతుంది. అటువంటి దానిని మేజొరైట్ గార్నెట్ అంటారు. సాధారణ వజ్రాలు 150–200 కిలోమీటర్ల లోతులో పెరుగుతాయి. మేజొరైట్ గార్నెట్ ఉన్న వజ్రం అంతకన్నా లోతు నుంచి వచ్చింది. అయితే 3.01 వంటి అంకె విశ్లేషణ పొరపాటు పరిధిలోనే ఉంటుంది, దానిని బట్టి తీర్పు చెప్పవద్దు.

అభ్యాసం: మూడు వజ్రాలలోని గార్నెట్లు ఇవి – (1) ఊదా రంగు, సిలికాన్ 3.00; (2) నారింజ రంగు, సిలికాన్ 3.15; (3) నారింజ రంగు, సిలికాన్ 3.01. ప్రతిదానికీ పుట్టిన శిలనూ, లోతు గురించి చెప్పగలిగినదాన్నీ కారణంతో రాయండి. జవాబులు నాలుగవ పాఠం మొదట్లో ఉంటాయి. ఆ తరువాత రింగ్‌వుడైట్ అనే మరో ఖనిజానికి వెళదాం.