కొత్త కంట్రోలర్‌పై పాత మోడల్ రైలు ఇంజిన్ మొండికేస్తే: డీకోడర్ మార్చే ముందు చూడాల్సినవి

మరొకరి లేఅవుట్‌పై (బల్లపై పరిచిన చిన్న పట్టాలపై) చక్కగా నడిచిన మోడల్ రైలు ఇంజిన్ మీ పట్టాలపై కదలకపోతే డీకోడర్ (ఆదేశాలు అందుకుని ఇంజిన్‌ను నడిపే లోపలి చిన్న సర్క్యూట్) కాలిపోయిందని తేల్చేయకండి. చాలాసార్లు అది బాగానే ఉంటుంది. కమాండ్ స్టేషన్ (పట్టాల ద్వారా ఆదేశాలు పంపే కంట్రోలర్) పంపే ఆదేశమే దానికి అందడం లేదు, లేదా వేరే అర్థంలో అందుతోంది. బాగున్న డీకోడర్లు ఇలా చెత్తబుట్ట పాలవడం నన్ను నిజంగా బాధిస్తుంది.

పట్టాలపై పెట్టగానే షార్ట్ సర్క్యూట్

ఇది ప్రోగ్రామింగ్‌తో, అంటే డీకోడర్ అమరికలు మార్చడంతో, తీరేది కాదు. మార్క్లిన్ సంస్థ హెచ్‌ఓ (1:87 సైజు) ఇంజిన్ పట్టాల మధ్య వరుసగా ఉన్న స్టడ్‌ల (చిన్న లోహపు బొడిపెల) నుంచి కరెంటు తీసుకుంటుంది. రెండు వైపుల చక్రాల మధ్య ఇన్సులేషన్ ఉండదు కాబట్టి రెండు పట్టాల డీసీసీ (డిజిటల్ కమాండ్ కంట్రోల్ అనే ప్రామాణిక పద్ధతి) ట్రాక్‌పై షార్ట్ అవుతుంది. రెండు పట్టాల ఇంజిన్‌ను మార్క్లిన్ ట్రాక్‌పై పెడితే షార్ట్ ఉండదు, కదలికా ఉండదు. అదే సంస్థ రెండు పట్టాల కోసం ట్రిక్స్ పేరుతో ఇంజిన్లు అమ్ముతుంది, కొనేటప్పుడే చూసుకోండి. మార్క్లిన్ ట్రాక్‌పైనే ఉండి డీసీసీ కంట్రోలర్‌కు స్పందించకపోతే కారణం వేరు: పాత డీకోడర్లు మోటరోలా, 2004 నుంచి వచ్చిన తొలి తరం ఎంఎఫ్‌ఎక్స్ డీకోడర్లు ఎంఎఫ్‌ఎక్స్, మోటరోలా సంకేతాలకే (మార్క్లిన్ వాడే రెండు సంకేత పద్ధతులు) స్పందిస్తాయి. మార్క్లిన్ సెంట్రల్ స్టేషన్ 2, 3 మాత్రం డీసీసీని కూడా పంపగలవు.

దీపాలు, హారన్ పనిచేస్తాయి, బండి కదలదు

ఎక్కువ మందిని తికమక పెట్టేది ఇదే. ముందు సీవీ 19 చదవండి (సీవీ అంటే డీకోడర్‌లో ఒక అమరికను దాచే నంబరు గది). పాత యజమాని రెండు ఇంజిన్లను జోడించి నడిపి ఉంటే ఆ జోడీ అడ్రస్ (పిలిచే నంబరు) అందులో మిగిలిపోతుంది. ఎన్‌సీఈ, లెంజ్ వ్యవస్థలు జోడీని డీకోడర్‌లోనే రాస్తాయి; డిజిట్రాక్స్ సాధారణంగా కమాండ్ స్టేషన్‌లో ఉంచుకుంటుంది. సీవీ 19లో సున్నా రాస్తే ఇంజిన్ మళ్లీ సొంత అడ్రస్‌కు పలుకుతుంది.

అసలు స్పందనే లేదు

కొత్త డీసీసీ డీకోడర్‌ను అడ్రస్ 3తో పిలిచి చూడండి. సెకండ్ హ్యాండ్ ఇంజిన్ అయితే ఇంకో చిక్కు ఉంది. డిజిట్రాక్స్ 127 వరకు పొట్టి అడ్రస్‌గా పంపుతుంది, లెంజ్ 99 దాటితే పొడవు అడ్రస్‌గా పంపుతుంది. డీకోడర్‌కు ఇవి రెండూ వేర్వేరు రూపాలు, అందుకే డిజిట్రాక్స్‌పై 112తో నడిచిన ఇంజిన్‌ను లెంజ్‌పై 112 అని పిలిస్తే పలకదు. నా సలహా ఒక్కటే: 100 నుంచి 127 వరకు అడ్రస్‌లు ఎప్పుడూ ఇవ్వకండి.

వేగం పెంచుతుంటే దీపాలు ఆరుతూ వెలుగుతుంటే డీకోడర్ 14 స్పీడ్ స్టెప్పులకూ (వేగం మెట్లకూ) కమాండ్ స్టేషన్ 28కీ అమరి ఉన్నాయని అర్థం. డీకోడర్ 28లో, స్టేషన్ 14లో ఉంటే దీపం అసలు వెలగదు. స్టేషన్‌ను 28కి మార్చి, డీకోడర్ సీవీ 29లో 6 రాయండి. పొడవు అడ్రస్ ఉంటే 38.

పవర్ ఇవ్వగానే పూర్తి వేగంతో దూసుకుపోవడం

డీకోడర్ ట్రాక్‌పై సంకేతాన్ని మామూలు డీసీ కరెంటుగా పొరబడుతోంది. సీవీ 29లో అనలాగ్ విలువ 4 తీసేయండి: 6 ఉంటే 2, 38 ఉంటే 34. దీన్ని వాయిదా వేయకండి, బల్ల అంచు దాటి పడితే ఇంజిన్ మిగలదు.

ప్రోగ్రామింగ్ ట్రాక్‌పై సీవీలు చదవలేకపోవడం

ప్రోగ్రామింగ్ ట్రాక్ అంటే సీవీలు చదవడానికీ రాయడానికీ వాడే విడి పట్టాలు. శబ్దం చేసే ఇంజిన్లలో ఇది మామూలే. ప్రోగ్రామింగ్ ట్రాక్‌పై కరెంటును సుమారు 250 మిల్లీఆంపియర్లకే పరిమితం చేస్తారు. డీకోడర్ జవాబుగా కనీసం 60 మిల్లీఆంపియర్ల చిన్న కరెంటు పల్స్ ఇవ్వాలి. పెద్ద కెపాసిటర్లు మొదట్లోనే కరెంటు లాగేయడంతో ఆ జవాబు మరుగున పడుతుంది. జవాబు రాకపోయినా రాసిన విలువ చాలాసార్లు నిలుస్తుంది. మెయిన్ ట్రాక్‌పై నడిపి చూడండి. అదీ కుదరకపోతే కెపాసిటర్ వైరు తాత్కాలికంగా విప్పండి, లేదా ప్రోగ్రామింగ్ బూస్టర్ (ఆ ట్రాక్‌కు సంకేతాన్ని బలపరిచే పరికరం) వాడండి. ఈఎస్‌యూ, జిమో డీకోడర్లలో సీవీ 8కి 8 రాస్తే ఫ్యాక్టరీ అమరిక తిరిగి వస్తుంది, కానీ చదవగలిగిన సీవీలన్నీ ముందుగా కాగితంపై రాసుకోండి.