పాత ఇంజన్ మీద కాస్టింగ్ నంబర్ చదవడం ఎలా

పాత కార్ ఇంజన్ కొనేముందు దాని మీద కాస్టింగ్ నంబర్ చూస్తారు గదా, అక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఇనుము కరిగించి అచ్చులో పోసేటప్పుడే పడే నంబర్ ఇది, అందుకే అంకెలు ఉబ్బెత్తుగా ఉంటాయి, చేత్తో తడిమినా తెలుస్తాయి. తర్వాత ఫ్యాక్టరీలో పంచ్‌తో కొట్టిన స్టాంప్ లోపలికి గుంటపడి ఉంటుంది, అది వేరే. ఈ రెండూ కలిపేసి చదివితే లెక్కంతా తప్పుతుంది.

ముందు జిడ్డు వదిలించండి. డీగ్రీజర్ కొట్టి నాననిచ్చి వైర్ బ్రష్‌తో రుద్దండి, అల్యూమినియం పార్ట్ అయితే ఇత్తడి బ్రష్ వాడండి. గ్రైండర్ మాత్రం దయచేసి పెట్టొద్దు, అరిగిన అంకె మళ్ళీ రాదు. ఆరాక చాక్‌పీస్ అడ్డంగా పెట్టి రాస్తే ఉబ్బిన అంకెలకే తెల్లగా అంటుకుంటుంది, టార్చ్ పక్కనుంచి వేస్తే నీడ పడి ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి. 3, 6, 8 ఒకదానిలా ఒకటి ఉంటాయి, ఫోటో తీసి పెద్దది చేసి చూస్కోండి.

షెవ్రొలే స్మాల్ బ్లాక్ (వీ8 ఇంజన్ రకం) అయితే నంబర్ వెనకాల, బెల్‌హౌసింగ్ (గేర్‌బాక్స్ వైపు గంట ఆకారం తొడుగు) బిగించే అంచు మీద, కార్లో కూర్చుని ముందుకి చూస్తే ఎడమ వైపు ఉంటుంది, హెడ్స్ (సిలిండర్ల పైమూతలు) నంబర్ వాల్వ్ కవర్ తీస్తే కనపడుద్ది. పోత పోసిన తేదీ చెప్పే డేట్ కోడ్ ఎక్కువగా అదే అంచు కుడివైపున ఉంటుంది, జనవరికి ఏ, డిసెంబర్‌కి ఎల్. "సీ 14 9" అంటే మార్చి 14, ఏడాది చివరి అంకె 9, అది 1969 ఆ 1979 ఆ అన్నది కాస్టింగ్ నంబర్ తోనే తేల్చుకోవాలి.

ఫోర్డ్‌లో సీ5ఏఈ లాంటిది కనపడితే సీ అంటే 1960లు, 5 అంటే 1965, ఏ పెద్ద కార్ల లైన్, ఈ ఇంజన్. ఇది ఆ డిజైన్ పుట్టిన ఏడాది, పోత పోసిన ఏడాది కాదు, అదే అచ్చుతో తర్వాత కూడా పోసుండొచ్చు. అసలు తేదీ వేరేగా ఉంటుంది, 9ఏ12 అంటే 9తో ముగిసే ఏడాది, జనవరి 12. నెలల్లో ఐ అక్షరం వదిలేస్తారు కాబట్టి డిసెంబర్‌కి ఎమ్ వస్తుంది. క్రైస్లర్ వాళ్ళది హాయి, 4-12-68 అని నేరుగా నెల, రోజు, ఏడాది.

అసలు జాగ్రత్త ఇక్కడ కావాలి. షెవ్రొలే 3970010 బ్లాక్ తీసుకోండి, 1969లో 302, 327, 350 క్యూబిక్ అంగుళాల ఇంజన్లు మూడూ దీంతోనే వచ్చాయి, మూడింటికీ బోర్ (సిలిండర్ వెడల్పు) 4 అంగుళాలే, తేడా స్ట్రోక్‌లో (పిస్టన్ కదిలే దూరం), వరసగా 3, 3.25, 3.48 అంగుళాలు. మరి నంబర్ చూసి ఇది 302 అని ఎవరైనా అంటే ఎలా నమ్ముతాం? కుడి హెడ్ ముందు ప్యాడ్ మీద కొట్టిన కోడ్ చూడాలి, ఆ ప్యాడ్ మీద ఫ్యాక్టరీ మెషినింగ్ సన్నటి గీతలు ఉన్నాయా అన్నది కూడా చూడాలి. నున్నగా ఉంటే రీబిల్డ్‌లో డెక్ (హెడ్ కూర్చునే బ్లాక్ పైభాగం) కోసి ఉండొచ్చు, లేదా ఎవరో చెరిపి కొత్తగా కొట్టి ఉండొచ్చు. బ్లాక్ పోసిన తేదీ ముందు, ఇంజన్ బిగించిన తేదీ తర్వాత, కార్ తయారైన తేదీ చివర రావాలి, ఈ వరస తప్పితే అది ఆ కార్‌తో పుట్టిన ఇంజన్ కాదు.