కెర్నల్ కూలినా స్టాక్ ట్రేస్ రాకపోతే

నల్లగొండలో సాయంత్రం పూట నా దగ్గరికి నలుగురైదుగురు ఇంజనీరింగ్ పిల్లలు వస్తారు. సొంతంగా చిన్న కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) రాయాలని వాళ్ల పట్టు. ఎప్పుడూ ఎవరో ఒకరు ల్యాప్‌టాప్ ముందుపెట్టి "అన్నా, బూట్ అయితలేదు, మళ్ల మళ్ల రీస్టార్ట్ అయితుంది" అంటారు. కెర్నల్‌లో తప్పు తర్వాత వెతుకుదాం, ముందు ఆ తప్పును, అక్కడిదాకా ఏ ఫంక్షన్ల మీదుగా వచ్చామో చూపే జాబితాను (అదే స్టాక్ ట్రేస్) చెప్పాల్సిన కోడే కూలిపోతోందేమో చూడు అంటాను. చాలాసార్లు జరిగేది అదే.

ఇక్కడ రాసింది 64 బిట్ ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల గురించి. సీలో రాసి, క్యూఎమూలో (కంప్యూటర్‌ను అనుకరించే సాఫ్ట్‌వేర్) నడిపేవాళ్లకు పనికొస్తుంది.

సమస్య: ఒక్క అక్షరం కూడా రాకుండా మెషిన్ రీస్టార్ట్ అవుతుంది

ఇది ట్రిపుల్ ఫాల్ట్. ఒక ఫాల్ట్ (ప్రాసెసర్ పట్టుకున్న తప్పు) వచ్చింది, దాని హ్యాండ్లర్‌ను (ఆ తప్పును చూసుకునే కోడ్) అందుకునేలోపే ఇంకోటి వచ్చింది. అప్పుడు ప్రాసెసర్ 8వ నంబరును, అంటే డబుల్ ఫాల్ట్‌ను పిలుస్తుంది. అక్కడికీ వెళ్లలేకపోతే చేతులెత్తేస్తుంది, మెషిన్ రీసెట్ అవుతుంది.

క్యూఎమూని నో-రీబూట్ (-no-reboot), డీ-ఇంట్ (-d int) ఆప్షన్లతో నడపండి. వచ్చిన ప్రతి ఇంటరప్టూ లాగ్‌లో పడుతుంది. కేవీఎం (కోడ్‌ను అసలు ప్రాసెసర్ మీదే నేరుగా నడిపే పద్ధతి) ఆన్‌లో ఉంటే ఈ లాగ్ రాదు, ఆపేసి నడపండి. లాగ్ చివర్లో 8 కనిపిస్తే దాని దగ్గర ఆగకండి, దాని ముందు ఏముందో చూడండి. 14 అయితే పేజ్ ఫాల్ట్ (మ్యాప్ చేయని, లేదా అనుమతి లేని మెమరీని ముట్టుకోవడం), 13 అయితే జనరల్ ప్రొటెక్షన్ (ప్రాసెసర్ నియమం ఏదో తప్పడం). పేజ్ ఫాల్ట్ అయితే సీఆర్2 రిజిస్టర్‌లో ఏ చిరునామా దగ్గర దెబ్బ తగిలిందో ఉంటుంది. అది 8, 16 లాంటి చిన్న అంకె అయితే నల్ పాయింటర్‌తో (సున్నా చిరునామాను చూపే పాయింటర్) ఏదో స్ట్రక్చర్‌లోని ఫీల్డ్‌ను ముట్టుకున్నారన్నమాట.

స్టాక్ పై చిరునామా నుంచి కిందికి పెరుగుతుంది. సీఆర్2లోని చిరునామా స్టాక్ అడుగుకు కాస్త కింద ఉంటే స్టాక్ నిండిపోయింది. హ్యాండ్లర్‌కు వెళ్లేముందు ప్రాసెసర్ అదే స్టాక్ మీద రిజిస్టర్లు పెట్టబోతుంది, అక్కడ చోటు లేదు. డబుల్ ఫాల్ట్‌కూ అదే గతి. అందుకే డబుల్ ఫాల్ట్‌కు వేరే స్టాక్ ఇవ్వాలి. టీఎస్ఎస్‌లో (ఏ స్టాక్ వాడాలో ప్రాసెసర్ చూసుకునే పట్టిక) ఇందుకోసమే ఐఎస్టీ అని 7 స్థానాలుంటాయి, ఒకటి వాడండి. ప్రతి కెర్నల్ స్టాక్ కింద మ్యాప్ చేయని ఒక పేజీ కూడా వదలండి. లేకపోతే స్టాక్ నిండినా తెలియదు, పక్క డేటాను తినేస్తూ పోతుంది.

సమస్య: "ప్యానిక్" అని రెండక్షరాలు పడి ఆగిపోతుంది

దీంతో రెండు రాత్రులు పోగొట్టుకున్నాను. ఎండాకాలం, కరెంటు పోతూ వస్తూ ఉంది, తప్పు ఇన్వర్టర్‌ది కూడా కావచ్చని అనుమానపడ్డాను! సంగతేమిటంటే, మామూలు ప్రింట్ ఫంక్షన్ లాక్ (ఒకేసారి ఒక్కరే వాడేలా వేసే తాళం) పట్టుకుని ఉండగానే ఫాల్ట్ వచ్చింది. ప్యానిక్ కోడ్ (కోలుకోలేని తప్పు వస్తే సంగతి చెప్పి మెషిన్‌ను ఆపేది) కూడా అదే ప్రింట్‌ను పిలిచి, అదే లాక్ కోసం కూర్చుంది. ఎప్పటికీ రాని లాక్ అది.

ప్యానిక్‌కు వేరే ప్రింట్ దారి రాయండి. అందులో లాక్ వద్దు, మెమరీ అలొకేషన్ వద్దు. సీరియల్ పోర్ట్ ఖాళీ అయ్యిందా అని చూసుకుంటూ ఒక్కో బైట్ పంపడమే. లోపలికి రాగానే ఇంటరప్టులు ఆపి, ఒక ఫ్లాగ్ పెట్టండి. ప్యానిక్‌లోనే మళ్లీ ప్యానిక్ వస్తే ఆ ఫ్లాగ్ చూసి, నోరు మూసుకుని హాల్ట్ కావాలి. తెలివైన ప్యానిక్ కోడ్ రాయాలనే ఆశ మానుకోండి.

సమస్య: ట్రేస్ వస్తుంది, కానీ అర్థంపర్థం లేని చిరునామాలు

మా దిక్కు గొలుసుకట్టు చెరువులు చూసినవాళ్లకు ఇది తేలిక. పై చెరువు అలుగు పోస్తే కింది చెరువు నిండుతుంది. నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో తెలియాలంటే వాగు పట్టుకుని పైకి నడవాలి. ఒక్కో ఫంక్షన్‌కు స్టాక్‌లో ఉండే భాగం ఫ్రేమ్, ఇప్పటి ఫ్రేమ్‌ను చూపే రిజిస్టర్ ఆర్‌బీపీ. ఆర్‌బీపీ చూపే చోట పిలిచిన ఫంక్షన్ ఫ్రేమ్ చిరునామా ఉంటుంది, దానికి 8 బైట్ల పైన రిటర్న్ అడ్రస్ (తిరిగి వెళ్లాల్సిన చోటు) ఉంటుంది. అలా పైకి పోవడమే స్టాక్ ట్రేస్.

ఆప్టిమైజేషన్ పెడితే కంపైలర్ ఆర్‌బీపీని వేరే పనికి వాడుకుంటుంది, వాగు తెగిపోతుంది. నో-ఒమిట్-ఫ్రేమ్-పాయింటర్ (-fno-omit-frame-pointer) ఫ్లాగ్‌తో కంపైల్ చేయండి. నడక ఎక్కడ ఆగాలో కూడా చెప్పాలి, అందుకే మొదటి సీ ఫంక్షన్‌ను పిలిచేముందు అసెంబ్లీలో ఆర్‌బీపీని సున్నా చేయండి. నడిచేటప్పుడు ప్రతి ఫ్రేమూ స్టాక్ హద్దుల్లో ఉందా, ముందుదానికన్నా పై చిరునామాలో ఉందా చూసుకోండి. ఎక్కడో గండి పడి ఉంటే ఈ రెండు పరీక్షలే మిమ్మల్ని రెండో ఫాల్ట్ నుంచి కాపాడతాయి. 32 ఫ్రేముల దగ్గర ఎలాగైనా ఆపేయండి.

ట్రేస్ బాగుండి రిజిస్టర్లు మాత్రం ఒక గడి జరిగినట్టు ఉంటే ఎర్రర్ కోడ్ చూడండి. 8, 13, 14 లాంటి కొన్ని ఫాల్ట్‌లకే ప్రాసెసర్ దాన్ని స్టాక్ మీద పెడుతుంది, మిగతావాటికి మీరే సున్నా పెట్టాలి.

సమస్య: ఫంక్షన్ పేరు తప్పు, లేదా ఒక ఫంక్షన్ మాయం

రిటర్న్ అడ్రస్ అంటే కాల్ తర్వాతి చిరునామా. ఫంక్షన్‌లో ఆఖరి పని ప్యానిక్‌ను పిలవడమే అయితే ఆ చిరునామా పక్క ఫంక్షన్‌లోకి పోతుంది. పేరు వెతికేముందు 1 తీసేయండి. మాయమైన ఫంక్షన్ సాధారణంగా ఇన్‌లైన్ అయి (పిలిచిన ఫంక్షన్‌లోనే కలిసిపోయి) ఉంటుంది, లేదా దాని టెయిల్ కాల్ (ఆఖర్లో చేసే కాల్) జంప్‌గా మారి ఉంటుంది.

పేర్లు లేకుండా అంకెలే వస్తే అదే బిల్డ్ ఫైల్‌ను డీబగ్ సమాచారంతో ఉంచుకుని యాడర్2లైన్‌కు (addr2line, చిరునామాను ఫైల్, లైన్ నంబరుగా మార్చే పనిముట్టు) ఇవ్వండి. నిన్నటి బిల్డ్ ఇస్తే అబద్ధం చెప్తుంది, అదీ చాలా నమ్మకంగా. లైనక్స్ ట్రేస్ చదివేటప్పుడు ప్రశ్న గుర్తు ఉన్న లైన్లను నమ్మకండి, అవి స్టాక్‌లో మిగిలిపోయిన పాత చిరునామాలు కావచ్చు.

ఇవన్నీ అయ్యాక కావాలనే కూల్చి చూడండి. ఆగకుండా తనను తానే పిలుచుకునే ఫంక్షన్ ఒకటి, నల్ చిరునామాకు రాసేది ఒకటి చాలు. నల్‌కు రాసినా ఏమీ కాకపోతే సంతోషించకండి, బూట్‌లో మొదటి 2 ఎంబీ మ్యాప్ చేసి అలాగే వదిలేసి ఉంటారు. సున్నా పేజీని అన్‌మ్యాప్ చేసి మళ్లీ నడపండి.