రెంట్-టు-ఓన్ షాపులో ఉద్యోగం: అమెరికాకు కొత్తగా వచ్చినవారికి

అన్నయ్య వేసిన పిటిషన్ మీద గ్రీన్‌కార్డు వచ్చి, నలభై దాటాక డల్లాస్‌లో దిగినవాణ్ని. మొదట దొరికిన ఉద్యోగం రెంట్-టు-ఓన్ షాపులో, అంటే వస్తువులు అద్దెకిచ్చి, వాయిదాలన్నీ కట్టాక సొంతం చేసే షాపులో. సోఫాలు, ఫ్రిజ్‌లు, టీవీలు అమ్మడమే కదా అనుకుని చేరాను. వారం తిరక్కుండానే తెలిసింది, అసలు పని వసూళ్లు.

ముందు వీసా సంగతి. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద చదువుకుంటున్నవాళ్లు ఈ పని జోలికి రావద్దు, "క్యాష్ ఇస్తాం రా తమ్ముడూ" అని మనవాళ్లే పిలిచినా సరే. హెచ్-4 (హెచ్-1బి మీద ఉన్నవాళ్ల కుటుంబ సభ్యుల వీసా) వాళ్లకు ఈఏడీ, అంటే పని చేయడానికి అనుమతి కార్డు, చేతిలో ఉంటే ఇబ్బంది లేదు.

మన ఊళ్లో వాయిదాల మీద మిక్సీ కొంటే ఆ రోజే అది మనదైపోతుంది, బాకీ మాత్రం మిగులుతుంది. ఇక్కడ చివరి వాయిదా కట్టేదాకా వస్తువు షాపుదే. కస్టమర్ కట్టేది అద్దె. వద్దనుకుంటే తిరిగిచ్చేసి, మిగతా వాయిదాలు మానేయొచ్చు. క్రెడిట్ స్కోరుతో పెద్దగా పని లేదు కాబట్టి స్కోరు లేనివాళ్లు, చెడినవాళ్లు వస్తారు. ధర కూడా అలాగే ఉంటుంది. వారానికి 25 డాలర్ల చొప్పున 78 వారాలు కడితే 1,950 డాలర్లు. బయట అలాంటి టీవీ అందులో సగానికే దొరకొచ్చు. ముందుగా కట్టేస్తే ఎంత తగ్గుతుందో అడగకపోయినా చెప్పండి. మొదట్లో ఒకావిడకు నేను చెప్పలేదు. గడువు దాటాక తెలుసుకుని, కౌంటర్ దగ్గర నిలబడి ఆవిడ చూసిన చూపు ఇంకా గుర్తుంది.

శుక్ర, శనివారాల్లో సెలవు మీద ఆశ పెట్టుకోకండి. జీతాలు పడే రోజులు, ఫోన్లన్నీ అప్పుడే చేయాలి. రిఫరెన్స్‌గా ఇచ్చిన చుట్టాలకు ఫోన్ చేస్తే బాకీ మాట ఎత్తవద్దు, ఒకసారి మాట్లాడమన్నామని చెబితే చాలు. వస్తువు తెచ్చుకోవడానికి వెళ్తే, తలుపు తీయకపోతే వెనక్కి వచ్చేయండి. గొడవ పడి లాక్కోవడం మీ డ్యూటీ కాదు, మేనేజర్ ఏమన్నా సరే.

బోర్డు మీద పెద్ద కంపెనీ పేరున్నా, ఫ్రాంచైజీ అయితే మీ యజమాని వేరే. పే స్టబ్ (జీతం చీటీ) మీద ఎవరి పేరుందో చూడండి. సెలవులు, ఇన్సూరెన్స్ ఆయన ఇచ్చినంతే. గంటల లెక్కన జీతమైతే వారానికి 40 గంటలు దాటిన పనికి ఒకటిన్నర రెట్లు రావాలి. గంటలు మీరూ రాసుకోండి. తప్పుడు పని చెబితే చేయకండి. కొన్ని ఫ్రాంచైజీ షాపులు అద్దెకిచ్చిన కంప్యూటర్లలో, కస్టమర్లకు తెలియకుండా వెబ్‌క్యామ్ ఫొటోలు తీసే సాఫ్ట్‌వేర్ పెట్టాయి. ఆ వ్యవహారంలో 2013లో ఆరన్స్ అనే రెంట్-టు-ఓన్ కంపెనీ, వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీకి రావాల్సి వచ్చింది.

ఇక నడుం. ఫ్రిజ్ ఎత్తేటప్పుడు మొహమాటపడకుండా రెండో మనిషిని పిలవండి. తిరిగొచ్చిన సోఫాల్లో నల్లులు, ఫ్రిజ్‌ల వెనక బొద్దింకలు మామూలే. మా ఆవిడ మొదటి ఏడాదంతా నా బూట్లను గరాజ్ దాటి లోపలికి రానివ్వలేదు.