మదామ్ గ్రే పట్టు గౌనును పెట్టెలోంచి తీసే ముందు

పాతకాలపు దుస్తుల ప్రదర్శన అనగానే అందరి భయం వెలుతురు మీదే ఉంటుంది. మదామ్ గ్రే కుట్టిన పట్టు జెర్సీ గౌను విషయంలో నా భయం వేరు. పెట్టెలోంచి తీసి ప్రదర్శన బొమ్మకు (మానెకిన్) తొడిగే కాసేపట్లోనే దానికి తీరని నష్టం జరగవచ్చు.

మదామ్ గ్రే అసలు పేరు జెర్మెన్ క్రెబ్స్. శిల్పి కావాలనుకున్న ఆవిడ 1942లో ప్యారిస్‌లో గ్రే పేరుతో దుస్తుల సంస్థ తెరిచారు. పలుచని పట్టు జెర్సీని చేత్తో సన్నని కుచ్చిళ్లుగా పట్టి, లోపలివైపు కుట్లతో నిలబెట్టేవారు. దాదాపు 280 సెంటీమీటర్ల బట్ట 7 సెంటీమీటర్లకు ఒదిగేది. అంటే ఆ గౌను చూడటానికి ఎంత తేలికగా కనిపించినా, అందులో మీటర్ల కొద్దీ పట్టు ఉంటుంది. పైగా జెర్సీ అల్లిక బట్ట. బరువుకు సాగితే తిరిగి మునుపటి కొలతకు రాదు.

అందుకే మొదటి మాట: హ్యాంగర్‌కు తగిలించవద్దు. ఒక్క పూటకైనా సరే. కింది భాగపు బరువంతా భుజాల మీద, కుచ్చిళ్ల కుట్ల మీద పడుతుంది. దారం తెగితే మళ్లీ కుట్టవచ్చు, కానీ తెగకుండా నిలిచిన దారం అల్లికనే కోసేస్తుంది. దాన్ని బాగుచేయడం చాలా కష్టం.

గౌను కన్నా పొడవైన బల్లను ముందే సిద్ధం చేసుకోండి. దాని మీద ఉతికిన తెల్లని నూలు దుప్పటి పరవండి. ఉంగరాలు, గాజులు, గడియారం, మెడలో వేలాడే గొలుసులు తీసేయండి. చేతులు కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. క్రీము రాయవద్దు. రాసుకోవడానికి పెన్సిల్ మాత్రమే వాడండి. ముట్టుకునే ముందే, పెట్టెలో ఎలా ఉందో అలాగే ఫోటోలు తీయండి. ఎత్తడానికి ఇద్దరు కావాలి, అదీ బట్టను పట్టుకుని కాదు, కింద ఉన్న గుడ్డతో సహా.

తరువాత లోపలివైపు చూడండి. చాలా గౌన్లలో బిగువైన లోపలి బాడీ, నడుము పట్టీ ఉంటాయి. లోహపు కొక్కేలు, జిప్పు తుప్పు పట్టాయేమో పరీక్షించండి. చంకల దగ్గర బట్ట బిరుసెక్కి పసుపు రంగులోకి మారితే, చెమట పట్టును తినేసిందని అర్థం. అలాంటి గౌనును నిలబెట్టకండి, పడుకోబెట్టే ప్రదర్శించండి. వేలాడుతున్న దారాలను కత్తిరించవద్దు. అవి ఏ కుచ్చిలిని పట్టి ఉంచాయో తెలియదు.

ఆవిరి ఇస్త్రీ ఆలోచనే వద్దు. ఈ కుచ్చిళ్లు వేడితో బిగించినవి కావు. ఆవిరి తగిలితే వదులవుతాయి, నీటి చుక్క పడితే పట్టు మీద మరక నిలిచిపోతుంది. పట్టుచీరలకు ఏటా మడతలు మార్చే అలవాటు మన ఇళ్లలో ఉంది. అది మంచిదే. ఇక్కడ కూడా పెట్టెలో పడిన మడతలను మార్చాలి, కానీ ఆవిడ కుట్టిన కుచ్చిళ్లను సర్దబోవద్దు.

బొమ్మ గౌను కన్నా చిన్నదిగా ఉండాలి. ఖాళీని దూదిపొరతో నింపి, పైన ఉతికిన నూలు గుడ్డ కప్పాలి. బొమ్మ చేతులు ఊడదీసి, గౌను కొక్కేలన్నీ విప్పి, ఇద్దరు కలిసి తొడగాలి. మొదట లోపలి నడుము పట్టీని బిగించండి. అప్పుడు బరువు నడుము మీద నిలుస్తుంది, భుజాలు తేలికపడతాయి. ఈ ఒక్క పనిని చాలామంది చివరికి వదిలేస్తారు, అది నాకు బాధ కలిగించే విషయం.

ఒక్కసారి వేసుకుని ఫోటో దిగుతామని అడిగేవారికి వద్దనే చెప్పండి, వారు గౌను యజమానులైనా సరే. చెమట, సెంటు, కూర్చున్నప్పుడు పడే ఒత్తిడి, వీటిలో ఏదీ వెనక్కి తీసుకోగలిగేది కాదు.

వెలుతురు 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) దాటకూడదు. గౌను అంచు నేలకు ఎంత ఎత్తులో ఉందో మొదటి రోజే కొలిచి రాసుకోండి, వారానికోసారి మళ్లీ కొలవండి. అంచు కిందికి దిగుతుంటే బట్ట సాగుతోందన్నమాట. ప్రదర్శన ముగిసేదాకా ఆగవద్దు, దించేయండి.

తిరిగి దాచేటప్పుడు పొడవాటి పెట్టెలో వెల్లకిలా పడుకోబెట్టి, మడత పడే ప్రతిచోటా ఆమ్లం లేని టిష్యూ కాగితాన్ని చుట్టలుగా పెట్టండి. ప్లాస్టిక్ సంచి వద్దు, తేమ లోపలే చిక్కుకుంటుంది. గాలిలో తేమ 65 శాతం దాటితే బూజు పడుతుంది, 50 దగ్గర ఉంచగలిగితే మంచిది. కలరా ఉండలు బట్టకు తగలనివ్వవద్దు. పురుగు జాడ కోసం అప్పుడప్పుడు పెట్టె మూలలు చూడటమే వాటికన్నా నమ్మకమైన పద్ధతి.