పౌర సంబంధాల విధుల్లో ఉత్తమ ఉద్యోగిని ఎంపిక చేయడం ఎలా?

జనవరి 26న, ఆగస్టు 15న నెల్లూరులోనూ ఒంగోలులోనూ పరేడ్ మైదానంలో ప్రశంసా పత్రాలు అందుకునే వారి పేర్లు చదువుతున్నప్పుడు, ప్రభుత్వ సమాచారాన్ని ప్రజలకు చేరవేసే ఉద్యోగి పేరు నాకు అరుదుగా వినబడింది. ఆ పని సరిగ్గా జరిగినప్పుడు దాని జాడ మిగలకపోవడమే ఇందుకు కారణమని నేను అనుకుంటున్నాను. తుపాను రాకముందే ఊరు ఖాళీ అయితే బస్సు పెట్టినవారు గుర్తుంటారు గానీ, బస్సు ఎక్కమని నమ్మకంగా చెప్పినవారు గుర్తుండరు.

ముందుగా ఎవరిని పరిశీలించాలో తేల్చుకోవాలి. రాష్ట్ర సమాచార పౌర సంబంధాల శాఖలోని జిల్లా, డివిజన్ స్థాయి అధికారులు, పురపాలక సంఘాల్లో ప్రకటనలు రాసే సిబ్బంది, గ్రామ, వార్డు సచివాలయ ఉద్యోగులు ఒక వరుసలోకి వస్తారు. పత్రికా సమాచార కార్యాలయం, కేంద్ర కమ్యూనికేషన్ బ్యూరో వంటి కేంద్ర సంస్థల వారిది మరో వరుస. దేశమంతటికీ ఒకే ప్రకటన తయారుచేసేవారినీ, దానిని ఒక పాలెంలో మైకు పట్టుకొని వివరించేవారినీ ఒకే తక్కెడలో తూచకూడదు.

ఆ తరువాత వారు రాసినది చదవాలి. ‘అనివార్య కారణాల వలన నీటి సరఫరాకు అంతరాయం కలుగును, ప్రజలు సహకరించవలసిందిగా కోరడమైనది’ అనే ప్రకటనలో తప్పు లేదు, ఉపయోగమూ లేదు. ‘రేపు మంగళవారం ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 2 గంటల వరకు ఈ నాలుగు వీధుల్లో కుళాయి రాదు, పైపు మారుస్తున్నాం, ఈ రాత్రే నీళ్లు పట్టి పెట్టుకోండి, 10 గంటలకు రామాలయం దగ్గర ట్యాంకరు ఉంటుంది’ అని రాసిన ఉద్యోగి, బిందె పట్టుకొని నిలబడే ఇల్లాలిని మనసులో పెట్టుకొని రాశాడు. అభ్యర్థి రాసిన పది ప్రకటనలు తెప్పించి, ఒక్కొక్కటి చదివాక సామాన్యుడు ఏం చేయాలో తెలిసిందా అని చూస్తే సగం ఎంపిక అక్కడే పూర్తవుతుంది.

మిగిలిన సగానికి తీరానికి వెళ్లాలి. ఓడరేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికలు 1 నుంచి 11 వరకు ఉంటాయి. కృష్ణపట్నంలో మూడో నంబరు ఎగరేశారన్న వార్తను వచ్చినది వచ్చినట్లే పంపించడం సులభం. ఆ నంబరు పడితే పడవను ఏం చేయాలో, వలలు ఎక్కడికి చేర్చాలో, ముసలివారిని ఎప్పుడు తరలించాలో మత్స్యకారుల మాటల్లో చెప్పడమే అసలైన పని. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటింది. అటువంటి రోజులను ఎంచుకొని, వాతావరణ శాఖ హెచ్చరిక కార్యాలయానికి ఎన్ని గంటలకు అందిందో, పాలెంలోని చివరి ఇంటికి ఎన్ని గంటలకు చేరిందో రాసుకొని చూడాలి. ఈ రెండు సమయాల మధ్య వ్యవధి ఏ పత్రికా కత్తిరింపూ చెప్పలేని సంగతి చెబుతుంది.

మాట చేరిన తరువాత ఏం జరిగిందన్నది ఇంకా లోతైన ప్రశ్న. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా ఉద్యమంలో చదువు నేర్చుకున్న మహిళలు 1990ల ఆరంభంలో సారా దుకాణాన్ని మూయించారు. అక్కడ మొదలైన ఉద్యమంతో 1993లో రాష్ట్రమంతటా సారాపై నిషేధం వచ్చింది. ప్రభుత్వమే పెట్టిన రాత్రిబడులు ప్రభుత్వానికే ఆదాయం తెచ్చే వ్యాపారాన్ని ప్రశ్నించే ధైర్యం ఇచ్చాయి. ప్రభుత్వ సమాచారానికి ఇంతకంటే గొప్ప ఫలితం నాకు తెలియదు. అందుకే ప్రభుత్వాన్ని ఎంత పొగిడాడన్నది కొలమానం కారాదని గట్టిగా చెబుతున్నాను.

పొరపాటు జరిగినప్పుడు అభ్యర్థి ఎలా ప్రవర్తించాడో కూడా విచారించాలి. నిన్నటి ప్రకటనలో తేదీ తప్పు పడిందని తెల్లవారేలోగా సరిదిద్దినవాడు ఎక్కువ మార్కులకు అర్హుడు. 2005 నాటి సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం కార్యాలయం తనంతట తానే వెల్లడించవలసిన వివరాలు తాజాగా ఉన్నాయో లేదో చూడటానికి అరగంట చాలు.

ఒక ఎంపిక సంఘంలో నేను కూర్చున్నప్పుడు, పత్రికా కత్తిరింపుల ఫైలు అందరికంటే మందంగా ఉన్నవారికే పురస్కారం దక్కింది. రాత్రంతా వానలో ఆటో మైకుతో తిరిగిన పొరుగు సేవల ఉద్యోగి పేరు జాబితాలోనే లేదు. అప్పుడు నేను గట్టిగా అభ్యంతరం చెప్పలేకపోయాను. ఆ బాధ నేటికీ ఉంది. కాబట్టి ఎంపిక సంఘంలో అధికారులతో పాటు ఒక విలేకరి, ఒక పొదుపు సంఘం సభ్యురాలు, ఒక మత్స్యకార పెద్ద ఉండేలా చూడాలి. పేర్లు ప్రతిపాదించే అవకాశం ప్రజలకూ ఇవ్వాలి.

ప్రదానానికి ఏప్రిల్ 21 అనువైన రోజు. అది జాతీయ పౌర సంబంధాల దినోత్సవం, పౌర సేవల దినోత్సవం కూడా. ప్రశంసా పత్రంలో ‘విశిష్ట సేవలు’ అని సరిపెట్టకుండా, ఏ రోజు, ఏ ఊళ్లో, ఏ మాట ఎవరికి చేర్చారో రెండు వాక్యాల్లో రాయాలి. రెగ్యులర్ ఉద్యోగి అయితే దానిని సర్వీసు రిజిస్టరులో నమోదు చేయించాలి. పొరుగు సేవల వారికి ఆ రిజిస్టరు ఉండదు గనుక, కలెక్టరు సంతకంతో విడిగా ఒక లేఖ ఇప్పించాలి.